ఫెలిక్స్ చోటు

బొల్లారం మైదానంలో ఎలీషా అంత బాగా ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. అయినా రెండేళ్ళుగా వాడు జూనియర్ల జట్టులోనే ఉండిపోయాడు. వాడికంటే నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళూ, బంతిని తన్నబోయి గడ్డి పీకేవాళ్ళూ పెద్ద జట్టులోకి వెళ్ళిపోయారు. వాడు మాత్రం ప్రతి లీగ్ మ్యాచ్‌కీ గీత బయట కూర్చుని, విరామంలో అందరికీ బత్తాయి తొనలు పంచుతున్నాడు.

ఎలీషాకి తండ్రి లేడు. ఇంట్లో మేనమామ మాటే చెల్లుతుంది. ఆయనకి అల్వాల్‌లో టైర్ల షాపు ఉంది. ఈ క్రిస్మస్ లోపల పెద్ద జట్టులో చోటు వస్తే సరే, లేకపోతే ఆట మానేసి షాపులో కూర్చోవాలని ఆయన తేల్చి చెప్పేశాడు. పంక్చర్లు వేయడం తక్కువ పనేమీ కాదు. కానీ ఆ కాళ్ళు అందుకు పుట్టినవి కావు. వాడి ఆట ఒక్కసారి చూసినవాళ్ళకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

డిసెంబరు మొదట్లో వాడు జమీల్ ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాడు. పెద్ద జట్టుకి శిక్షణ ఇచ్చేది ఆయనే. చాలా పెద్దవాడు, మాట చాలా తక్కువ. ఒక మాట అడిగితే జవాబు ఆ రోజే వస్తుందన్న నమ్మకం కూడా ఉండదు. ఎలీషా ధైర్యం కూడగట్టుకుని, నాలో లోపమేంటో చెప్పమని అడిగాడు. ఉస్తాద్ బంతికి గాలి కొట్టడం ఆపలేదు.

"ఫెలిక్స్‌కి బాల్ ఇచ్చినవా ఎన్నడన్న?" అన్నాడు.

ఎలీషాకి ఒళ్ళు మండింది. ఫెలిక్స్ చచ్చిపోయిన మనిషి మరి.

ఒకప్పుడు ఆ జట్టులో ఎడమ అంచున ఆడేవాడు ఫెలిక్స్. బూట్లు వేసుకోకుండా వట్టి కాళ్ళతో ఆడేవాడట. బంతి కావాలని ఎప్పుడూ అరిచేవాడు కాదట. నాలుకతో రెండుసార్లు 'టక్ టక్' మనిపించేవాడు, అంతే. ఒక చలికాలం జ్వరం వచ్చి పోయాడు. అప్పటినుంచీ శుక్రవారం పొద్దున జరిగే ప్రాక్టీసు ఆటలో పెద్ద జట్టు పదిమందితోనే దిగుతుంది. ఎడమ అంచు ఖాళీగా ఉంటుంది. అక్కడికి ఎవరూ వెళ్ళరు. కానీ ఆట ముగిసేలోపు ప్రతివాడూ ఒక్కసారైనా ఆ ఖాళీలోకి బంతి తన్నాలి. అది దొర్లుకుంటూ పోయి అవతలి రాతిగోడకి 'ధబ్' మని తగులుతుంది. తన్నినవాడే వెళ్ళి తెచ్చుకోవాలి.

ఎలీషా గీత బయట కూర్చుని ఈ తంతు ఎన్ని శుక్రవారాలు చూశాడో. చూసిన ప్రతిసారీ బంతి వెంటే వాడి కళ్ళు పోయేవి. అది గోడకి తగిలేదాకా చూసి, మంచి బంతిని గంగలో కలిపారని నవ్వుకునేవాడు.

"లేని మనిషికి ఎట్ల ఇయ్యాలె ఉస్తాద్?" అన్నాడు.

ఉస్తాద్ పంపు పక్కన పెట్టి, శుక్రవారం పెద్దవాళ్ళతో కలిసి దిగమన్నాడు. ఆదివారం లీగ్ మొదలవుతుంది. శుక్రవారం వచ్చేదాకా ఎలీషాకి నిద్ర పట్టలేదు.

శుక్రవారం తెల్లారేసరికి మైదానం మీద పొగమంచు కమ్ముకుని ఉంది. ఈ గోల్ దగ్గర నిలబడితే ఆ గోల్ కనిపించలేదు. పక్కవాడి దగ్గు వినిపిస్తోంది గానీ మనిషి ఆనడం లేదు. ఎదుటి జట్టులో జూనియర్లూ, వాళ్ళ గోల్ దగ్గర పెద్ద జట్టు కెప్టెన్ నర్సింగూ. ఎలీషా మొదటిసారిగా పెద్దవాళ్ళ వైపున ఉన్నాడు.

బంతి దొరికిన క్షణం నుంచి వాడు దాన్ని వదల్లేదు. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి బోల్తా కొట్టించాడు. లాక్కుంటే వెంటపడి మళ్ళీ లాక్కున్నాడు. ఉస్తాద్ చూస్తున్నాడన్న ధ్యాసలో కాళ్ళు ఇంకా చురుగ్గా ఆడాయి. నిజం చెప్పొద్దూ, ఆ పొద్దున వాడి ఆట చూడముచ్చటగా ఉంది.

ఉస్తాద్ గీత మీద నిలబడి చూశాడు. కాసేపటికి వేలు ఎత్తి, ఎలీషా జట్టులో ఒకణ్ణి బయటికి రమ్మన్నాడు. అతను చప్పుడు చేయకుండా వచ్చి పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకణ్ణి పిలిచాడు. ఆ తర్వాత మరొకణ్ణి. ఆట సాగుతూనే ఉంది. చివరికి ఎలీషావాళ్ళ గోల్ కీపర్ని కూడా పిలిచేశాడు. అందరూ మంచులో వరసగా నిలబడి ఎలీషానే చూస్తున్నారు.

ఎలీషాకి ఇదేమీ తెలియదు.

గోల్ కనుచూపులోకి వచ్చేసరికి నలుగురు వాణ్ణి చుట్టుముట్టారు. ఎటు తిప్పినా ఒక కాలు అడ్డొస్తోంది. అప్పుడు, ఆ పొద్దున మొదటిసారిగా, వాడు తల ఎత్తి తనవాళ్ళ కోసం చూశాడు.

కుడివైపు ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు. ఇంతసేపూ ఎవరితో కలిసి ఆడుతున్నాడు? వాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారు?

ఎడమవైపు నుంచి వినిపించింది. టక్ టక్.

చాలా దగ్గరగా వినిపించింది. దానితోపాటు ఎవరో పరిగెత్తుతున్న ఊపిరి, తడిగడ్డి మీద వట్టి పాదాల చప్పుడు. జూనియర్లు నలుగురూ ఆగిపోయారు. నర్సింగ్ మెడ అప్పటికే ఎడమవైపు తిరిగి ఉంది.

భయంతోనే తన్నాడు ఎలీషా. బంతి మంచులోకి పోయి కనబడకుండా పోయింది. వాడు గోడ చప్పుడు కోసం ఎదురుచూశాడు.

ఆ చప్పుడు రాలేదు.

దాని బదులు బంతి తిరిగి వచ్చింది. నేలకి అంటుకుని, తొందర లేకుండా, మంచు తెరలోంచి బయటికి వచ్చి గోల్ ముందునుంచి అడ్డంగా దొర్లింది. నర్సింగ్ ఎడమవైపుకి జరిగిపోయి ఉన్నాడు, అక్కడ కాపలా లేదు. కాలు తగిలిస్తే చాలు, గోల్. కానీ అక్కడ ఎవరూ లేరు. ఎలీషా తన్నినచోటే కొయ్యబారి నిలబడ్డాడు. బంతి అవతలి స్తంభం పక్కనుంచి మెల్లగా బయటికి పోయి గడ్డిలో ఆగింది.

ఉస్తాద్ నడిచి వెళ్ళి ఆ బంతిని తీసుకొచ్చి, కండువాతో తడి తుడిచి ఎలీషా చేతిలో పెట్టాడు.

"వాడు వచ్చిండు బేటా. నువ్వే రాలే."

ఎండ వచ్చాక మంచు విడిపోయింది. ఎడమ అంచున గడ్డి మీద, గోడ దగ్గర మొదలై మధ్యదాకా, పాదాల జాడ ఒకటే వరసలో ఉంది. తిరిగి వెళ్ళిన జాడ లేదు. నర్సింగ్ అది చూసి, చూపు తిప్పుకుని గోల్ వల విప్పుకోవడంలో పడ్డాడు.

ఆదివారం జట్టులో వాడి పేరు లేదు. ఇంటికి వెళ్తే మేనమామ, పండగ దగ్గర పడింది, షాపులోకి ఖాకీ బట్టలు కుట్టించుకోమన్నాడు. వాడు తల ఊపాడు. ఆ వారమంతా వాడికి అన్నం సయించలేదు. భయపెట్టింది ఆ చప్పుడు కాదు. తను నిలబడిపోవడం. పెద్ద జట్టువాళ్ళు శుక్రవారాలు ఏం చేసేవాళ్ళో గుర్తు చేసుకోబోతే, ప్రతిసారీ గోడవైపు పోతున్న బంతే కళ్ళముందుకి వచ్చింది. బంతి వదిలాక ఆ మనుషులు ఎటు పోయేవాళ్ళు? అది తను ఎన్నడూ చూడలేదు.

తర్వాతి శుక్రవారం మంచు లేదు. మైదానం ఆ చివర నుంచి ఈ చివరకి స్పష్టంగా కనిపిస్తోంది. ఎలీషా మళ్ళీ పెద్దవాళ్ళ వైపు దిగాడు. ఈసారి ముందు మనుషుల్ని చూశాడు. నర్సింగ్ తమ్ముడు ఎడమ ఖాళీలోకి బంతి తన్ని, దానివైపు ఒక్క చూపైనా చూడకుండా గోల్ ముందుకి పరిగెత్తాడు. కాసేపు అక్కడ నిలబడి, అప్పుడు గోడ దగ్గరికి బయల్దేరాడు. ఆ తర్వాత తన్నినవాడూ అంతే. అందరూ అంతే.

ఎలీషా వంతు వచ్చింది. ముందు గోల్ తెరుచుకునే ఉంది, తనే కొట్టెయ్యొచ్చు. కాళ్ళు లాగాయి కూడా. బంతిని ఎడమ ఖాళీలోకి తోసి, వెనక్కి చూడకుండా పరిగెత్తాడు. అవతలి స్తంభం దగ్గరికి చేరి, కాలు సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. చెవులు రిక్కించి విన్నాడు.

గోడ 'ధబ్' మంది.

వాడు అక్కడే ఇంకాసేపు నిలబడ్డాడు. తర్వాత మైదానం అడ్డంగా దాటి, గోడ వారనుంచి బంతి తీసుకుని, ఉస్తాద్ దగ్గరికి వచ్చాడు. వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఈసారి ఆయన రాలే ఉస్తాద్."

ఉస్తాద్ సంచిలోంచి పెద్ద జట్టు చొక్కా తీసి వాడి భుజం మీద వేశాడు.

"నువ్వొచ్చినవ్ గద."