గోరింక కచేరీ
రత్నగిరి సంస్థానంలో విరూపాక్ష భాగవతార్ కచేరీ మధ్యలో కాసేపు నడుం వాల్చేవాడు. ఆలోగా జనం బయట మజ్జిగలమ్మే నూకాలు దగ్గర మజ్జిగ తాగుతూ పాట ముచ్చట్లు చెప్పుకునేవారు. అది ఆయనకు గిట్టలేదు. తన పాట నేర్పిన గోరింకను పందిట్లో పెట్టించి, “అది పాడితే నేను పాడినట్టే. కదలకుండా వినండి!” అన్నాడు.

గొంతులెండిన జనాన్ని చూసి నూకాలుకు ఒళ్లు మండింది.

మర్నాటి కచేరీలో ఆయన లేచి వచ్చేసరికి పందిరి ఖాళీ. గోరింక ఎదుట పంజరంలో నూకాలు పెంచే చిలక “భళా! భళా!” అంటోంది.

బయటికొచ్చి చూస్తే జనమంతా మజ్జిగ తాగుతున్నారు. “ఇదేమిటే?” అని నూకాలును గద్దించాడు.

“తమరి బదులు గోరింక పాడింది, మా బదులు చిలక మెచ్చుకుంది సామీ! అది మెచ్చితే మేం మెచ్చినట్టే.”

భాగవతార్ చెయ్యి చాచాడు. “సరే, వాటి కచేరీ వాటిని చేసుకోనీ. నాకూ ఓ ముంత మజ్జిగ పొయ్యవే!”