కంబళయ్య సానరాయి

అనగనగా ఒక కొండ. ఆ కొండను చుట్టుకుని ఒక పెద్ద అడవి. ఆ అడవిలో, వాగు ఒడ్డున, ఒక రాతి చరియ కింద కంబళయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు.

మిగతా ఎలుగుబంట్లు తేనె కోసం చెట్లూ పుట్టలూ పట్టుకుని తిరుగుతుంటే, కంబళయ్య మాత్రం ఇంటి ముందు కూర్చుని ఏదో ఒకటి చెక్కుతూ ఉండేవాడు. చరియను ఆనుకుని నాలుగు గుంజలు పాతి, పైన ఆకులు కప్పి, ఒక పనికొట్టం వేసుకున్నాడు. అందులో ఉన్న పనిముట్లన్నీ తన చేత్తో తాను చేసుకున్నవే. ఎప్పుడో కట్టెలు కొట్టేవాళ్ళు వదిలేసిపోయిన చోట అతనికి ఒక విరిగిన గొడ్డలి, నాలుగు వంకర మేకులు దొరికాయి. వాటితోనే మొదలుపెట్టాడు.

మొదట, చెక్క కదలకుండా పట్టుకునే బల్ల చేశాడు. రెండు దుంగల మధ్య చెక్క పెట్టి, పక్కన శీల దిగ్గొడితే చెక్క బిగుసుకోవాలి. కానీ శీల జారిపోయింది. కంబళయ్య ఆ బల్లను పొయ్యిలో పెట్టేసి ఇంకొకటి చేశాడు.

తర్వాత, చిల్లులు పెట్టే బర్మా చేశాడు. వెదురు బద్దను విల్లులా వంచి నారతాడు కట్టాడు. ఆ తాడును మేకు బిగించిన కర్రకు మెలేసి ముందుకీ వెనక్కీ లాగితే, కర్ర గిర్రున తిరిగి చిల్లు పడాలి. కానీ అది వంకరగా తిరిగింది. దాన్నీ విరిచేసి మళ్ళీ చేశాడు.

అప్పుడు చూసేవాళ్ళు ఎవరూ లేరు పిల్లలూ. అందుకే, తప్పు వచ్చిందని ఒప్పుకోవడానికి కంబళయ్యకు ఏమీ కష్టమనిపించలేదు.

ఒకరోజు అడవిపంది కోరయ్య అటుగా వెళ్తూ బర్మా తిరగడం చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "మామా! ఇది నువ్వే చేశావా? ఎవరి సాయమూ లేకుండా?" అన్నాడు. సాయంత్రానికల్లా ఆ మాట అడవంతా పాకింది. ముళ్ళపంది సూదయ్య వచ్చి చూశాడు. కుందేళ్ళు వచ్చి చూశాయి. జింకలు దూరం నుంచే మెడలు చాచి చూశాయి. అందరూ మెచ్చుకున్నారు. కంబళయ్యకు ఛాతీ పొంగింది. ఆ పొంగులో ఒక మాట జారేశాడు.

"ఇదేం చూశారు! ఎండలు ముదిరేలోపు సానరాయి చేస్తాను. మీ పారలు, కొడవళ్ళు అన్నీ నా దగ్గరికే పట్టుకురండి. పదును పెట్టి ఇస్తాను."

అందరికంటే ఎక్కువ సంతోషించింది రేలమ్మ అనే కొండముచ్చు. ఆ అడవిలో ఎండాకాలం గడ్డి మాడిపోయేది. అప్పుడు రేలమ్మే కొడవలి నడుముకు దోపుకుని చిటారు కొమ్మలకెక్కి, లేత ఆకులు కోసి కిందికి వేసేది. జింకలు, కుందేళ్ళు అవి తిని బతికేవి. కొమ్మ నుంచి కొమ్మకు ఆమె దూకుతుంటే కంటికి ఆనేది కాదు. కానీ ఆమె కొడవలి మొద్దుబారిపోయింది.

"అన్నా, నువ్వు సానరాయి చేస్తే ఈ ఏడు ఒక్క ప్రాణి కూడా ఆకలితో పడుకోదు" అంది రేలమ్మ.

కంబళయ్య పని మొదలుపెట్టాడు. వాగులోంచి గరుకు రాతి పలక ఒకటి ఎత్తుకొచ్చాడు. దాన్ని గుండ్రంగా చెక్కడానికి నెల పట్టింది. నడిమధ్య చిల్లు పెట్టడానికి ఇంకో నెల. ఇరుసు చెక్కి, చిల్లులో దూర్చి, గుంజల మీద నిలబెట్టి, తిప్పడానికి పిడి పెట్టడానికి మూడో నెల. అతని అరచేతులు కాయలు కాచి, పగిలి, రక్తం కారాయి. అప్పటికి ఎండలు మండిపోతున్నాయి. వాగు సన్నటి చారగా మారింది. జింకల పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

పని ముగిసిన రోజు పొద్దున వడ్రంగిపిట్ట తురాయమ్మ వచ్చింది. చెట్లను తట్టి చూసి లోపలి పుచ్చును చెప్పే పిట్ట అది. దానికి తెలియని చప్పుడు లేదు.

"నీ రాయిని ఒకసారి తట్టి చూడనా, కంబళయ్యా?" అని అడిగింది.

"తట్టు, తట్టు. మూడు నెలల కష్టం అది."

తురాయమ్మ రాయి మీద ఒక వైపు ముక్కుతో తట్టింది. ఖంగుమంది. ఇంకో వైపు తట్టింది. ఖంగుమంది. మూడోచోట తట్టింది. అక్కడ మాత్రం పగిలిన కుండను కొట్టినట్టు చప్పగా పలికింది.

తురాయమ్మ మళ్ళీ తట్టింది. మళ్ళీ అదే చప్పుడు. ఇద్దరూ దగ్గరికి వంగి చూశారు. నడిమి చిల్లు దగ్గర మొదలై అంచుదాకా, వెంట్రుకంత సన్నగా ఒక పగులు.

"ఈ రాయి పనికిరాదు" అంది తురాయమ్మ. "తిరిగే వేగానికి విచ్చుకుంటుంది. ఎవరో ఒకరికి తగులుతుంది. ఇది పక్కన పడేసి ఇంకో రాయి చూసుకో."

కంబళయ్య ఆ పగులు వెంట వేలితో రాసి చూశాడు. చివరికి "సరే, పడేస్తాను" అన్నాడు.

"మాట ఇచ్చినట్టేనా?"

"ఇచ్చినట్టే."

తురాయమ్మ అతని మాట నమ్మి, వాగు అవతల ఉన్న తన గూటికి ఎగిరిపోయింది.

కంబళయ్య సుత్తి తీసుకున్నాడు. రాయి పగలగొడదామని ఎత్తాడు. అంతలో దారి మీద కోరయ్య గొంతు వినిపించింది. "మామా! పార తెచ్చా! నాదే మొదటిది కావాలి!"

సుత్తి పట్టుకున్న చెయ్యి దిగిపోయింది. 'ఇప్పుడు ఏమని చెప్పను? మూడు నెలలు చెక్కి పగిలిన రాయి తయారుచేశాననా? నవ్విపోతారు. ఇంకో మూడు నెలలు ఎవరాగుతారు?' అనుకున్నాడు కంబళయ్య. గబగబా లక్క కరిగించి ఆ పగులులో పోశాడు. పైన రాతి పొడి చల్లి చేత్తో రుద్దాడు. పగులు కనపడకుండా పోయింది.

కోరయ్య పార పట్టుకున్నాడు. కంబళయ్య పిడి తిప్పాడు, నెమ్మదిగా, భయంభయంగా. నిప్పురవ్వలు లేచాయి. పార తళతళలాడింది. రాయికి ఏమీ కాలేదు. కోరయ్య వెళ్ళేటప్పుడు "నీ చేతులు బంగారం మామా" అన్నాడు. కంబళయ్య నవ్వాడు గానీ, నవ్వు పెదవి దాటి లోపలికి పోలేదు.

మర్నాడు ముళ్ళపంది సూదయ్య దుంపలు తవ్వే గునపం తెచ్చాడు. రాయి తిరుగుతుంటే ఎక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు వినిపించింది.

"ఏంటి బావా ఆ చప్పుడు?" అన్నాడు సూదయ్య.

"ఇరుసు కొత్తది కదా. అరిగేదాకా అంతే" అన్నాడు కంబళయ్య. ఆ అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యం వేసింది. సూదయ్య వెళ్ళాక చూస్తే, లక్క కొంచెం ఊడి కింద రాలి ఉంది. మళ్ళీ కరిగించి పోశాడు.

మూడోరోజు రేలమ్మ వచ్చింది. పొద్దుటి నుంచి ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆమె వెనకాలే పది పన్నెండు జింకలు వచ్చి, దూరంగా మోడుల కింద తలలు వంచుకుని నిలబడ్డాయి.

"వీటి కడుపులో ఏమన్నా పడి రెండు రోజులైంది అన్నా" అంది రేలమ్మ. "మొద్దు కొడవలితో నేను కోసేది ఏ మూలకూ రావడం లేదు. తొందరగా పదును పెట్టు. ఇటునుంచి ఇటే చెట్టెక్కేస్తాను."

కంబళయ్య పిడి మీద చెయ్యి వేశాడు. 'చెప్పేయ్' అంది లోపలి నుంచి ఒక గొంతు. 'రెండుసార్లు ఏమీ కాలేదుగా, ఈ ఒక్కసారికి ఏమవుతుంది' అంది ఇంకో గొంతు. జింకలు అతని వైపే చూస్తున్నాయి. అన్ని కళ్ళ ముందు ఆ మాట చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

నెమ్మదిగా తిప్పాడు. రేలమ్మ కొడవలి ఆనించింది.

"ఇంత మెల్లగా అయితే పొద్దుగూకుతుంది. కాస్త గట్టిగా తిప్పన్నా!"

కంబళయ్య గట్టిగా తిప్పాడు.

పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది. రాయి రెండుగా విచ్చుకుంది. ఒక ముక్క గుంజను విరగ్గొట్టుకుని వాగులో పడింది. ఇంకో ముక్క రేలమ్మ కుడిచేతికి తగిలింది. ఆమె అరుపుకు అడవంతా ఉలిక్కిపడింది. జింకలు చెల్లాచెదురుగా పారిపోయాయి.

కంబళయ్య ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని వాగు దగ్గరికి పరుగెత్తాడు. రక్తం కడిగాడు. ఆకుపసరు పోశాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. కానీ మోచేతి కింద ఎముక నుజ్జయిపోయింది. ఆ చెయ్యి మళ్ళీ ముడుచుకోదని, కొమ్మ పట్టదని అతనికి చూడగానే అర్థమైంది.

అడవి జంతువులన్నీ వచ్చాయి. ఎవరూ కంబళయ్యను ఒక్క మాట అనలేదు. పైగా ఓదార్చారు.

"రాయన్నాక పగలదా? నువ్వేం చేస్తావు మామా?" అన్నాడు కోరయ్య.

"పాపం, మోసుకొచ్చి కట్టు కట్టింది కూడా బావే" అన్నాడు సూదయ్య.

రేలమ్మ బాధతో పళ్ళు బిగబట్టుకుని, ఎడమచేత్తో కంబళయ్య భుజం తట్టింది. "నువ్వు బాధపడకు అన్నా. నా రాత అలా ఉంది" అంది.

ఆ మాట అతన్ని రాతి ముక్క కంటే గట్టిగా తాకింది.

తురాయమ్మ కూడా వచ్చింది. కింద పడి ఉన్న లక్క పెచ్చులు చూసింది. కంబళయ్య ముఖం చూసింది. అందరూ వెళ్ళిపోయాక, "నేను ఎవరికీ చెప్పను" అంది. "చెప్పాల్సింది నేను కాదు కదా." అంతే. ఎగిరిపోయింది.

మూడు రోజులు కంబళయ్య పనికొట్టంలోకి అడుగుపెట్టలేదు. రేలమ్మ లేక ఆకులు కోసేవాళ్ళు లేరు. జింకల మందలో రెండు కూనలు చచ్చిపోయాయని కబురు వచ్చింది. మిగిలినవి మేత వెతుక్కుంటూ కొండ దాటి వెళ్ళిపోయాయి. వెళ్ళేటప్పుడు అవి అతని ఇంటి ముందు నుంచే నడిచాయి. ఒక ముసలి జింక ఆగి, "వెళ్ళొస్తాం కంబళయ్యా. నువ్వు మాకోసం చాలా కష్టపడ్డావు" అంది.

ఇక తట్టుకోలేకపోయాడు. లేచి, రేలమ్మ పడుకుని ఉన్న మద్దిచెట్టు కిందికి వెళ్ళాడు. అక్కడ కోరయ్య, సూదయ్య కూడా ఉన్నారు.

"రేలమ్మా, అది నీ రాత కాదు" అన్నాడు. "రాయి పగిలి ఉందని నాకు ముందే తెలుసు. తురాయమ్మ చెప్పింది. లక్క పోసి కప్పేశాను. మీరంతా నవ్వుతారని భయపడ్డాను."

కోరయ్య తన పార కేసి చూసుకున్నాడు. సూదయ్య ముళ్ళు ఒక్కొక్కటే నిక్కబొడుచుకున్నాయి.

చివరికి రేలమ్మే అడిగింది. "కోరయ్య వచ్చినప్పుడు తెలుసా?"

"తెలుసు."

"సూదయ్య వచ్చినప్పుడు?"

"తెలుసు."

"గట్టిగా తిప్పు అని నేనన్నప్పుడు?"

కంబళయ్య తల దించుకున్నాడు.

"ఒక్క మాట చెప్పుంటే మొద్దు కొడవలితోనే కోసుకునేదాన్ని" అంది రేలమ్మ. "నీ మీద కోపం లేదని చెప్పలేను. వెళ్ళు అన్నా."

ఆ రోజు తర్వాత కంబళయ్య పనికొట్టానికి ఎవరూ రాలేదు. మంచి పనిముట్టు చేసినా "మాకొద్దులే" అని తప్పుకునేవాళ్ళు.

వానలు మొదలయ్యాయి. ఎండలకు కొండ అవతలికి వలసపోయిన రేలమ్మ బంధువులంతా తిరిగొచ్చి పైకొమ్మల్లో తిరుగుతుంటే, ఆమె ఒక్కతే చెట్టు మొదట్లో తడుస్తూ కూర్చునేది. కంబళయ్య అది చూశాడు. అడగకుండానే, ఒక్క చేత్తో పట్టుకుని ఎక్కగలిగేలా మద్దిచెట్టుకు చెక్కమెట్లు కట్టడం మొదలుపెట్టాడు. వర్షంలోనే చెక్కాడు, వర్షంలోనే బిగించాడు. నెలన్నరకు ముప్పై మెట్లు అయ్యాయి. ఆ నెలన్నరా రేలమ్మ అతనితో మాట్లాడలేదు.

మెట్లు పూర్తయిన రోజు ఆమె లేచి వచ్చి, మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"ఇవి గట్టివేనా?" అని అడిగింది.

చుట్టూ కొమ్మల మీద కొండముచ్చులన్నీ చూస్తున్నాయి. కోరయ్య, సూదయ్య కూడా దూరంగా నిలబడి చూస్తున్నారు. కంబళయ్య ముఖం మీద వాన నీళ్ళు కారుతున్నాయి.

"పంతొమ్మిదో మెట్టు మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. "చెక్కలో నెర్రె ఉందని అనుమానం. దిగమ్మా. మార్చి పెడతాను."

కొమ్మల మీద ఎవరో కిసుక్కుమన్నారు. రేలమ్మ నవ్వలేదు. కాలు వెనక్కి తీసుకుని, చెట్టు మొదట్లో కూర్చుంది. కంబళయ్య ఆ మెట్టు ఊడదీసి, కొత్త చెక్క తెచ్చి, చెక్కి, బిగించేదాకా ఆ వానలో అలాగే కూర్చుని చూసింది. తర్వాత లేచి, ఎడమచేత్తో పట్టుకుంటూ మెట్టు మెట్టూ ఎక్కి పైకొమ్మ మీదికి చేరింది.

అక్కడి నుంచి పక్క చెట్టుకు ఆమె బంధువులు ఒక్కొక్కరే దూకి వెళ్ళిపోతున్నారు. ఆమె ఆ కొమ్మ చివరిదాకా వెళ్ళి ఆగిపోయింది. కింద కంబళయ్య, సుత్తి చేతిలో పట్టుకుని, చాలాసేపు పైకి చూస్తూ నిలబడ్డాడు.

నీతి: మనం చేసిన వస్తువులో లోపం ఉందని తెలిస్తే, అది ఇంకొకరి చేతికి వెళ్ళకముందే చెప్పాలి. నలుగురూ నవ్వితే ఆ నవ్వు నాలుగు రోజుల్లో పోతుంది. దాచిన లోపం వల్ల పోయింది మాత్రం తిరిగి రాదు.