మొలక చెవిబిళ్ళ

అనగనగా ఓ అడవి. వేసవి వచ్చిందంటే ఆ అడవిలో నీళ్ళు మిగిలేది ఒక్క ఊటలోనే. అక్కడ రోజూ తోపులాటే. అందుకని ఊటకు కాపలా ఉండే కోతి కిష్కిందయ్య పట్నం నుంచి చెవిబిళ్ళలూ, ఓ చేతిమిషనూ పట్టుకొచ్చాడు. మిషను దగ్గరికి రాగానే బిళ్ళ తనంతట తానే పేరు చెప్పేస్తుంది. పేరు వినపడితే చాలు, ఎవరి వంతు నీళ్ళు వాళ్ళకి.

"భలే సదుపాయం!" అని మురిసిపోయింది సారంగి అనే దుప్పి. తన చెవికి ఒకటి పెట్టించుకుంది. అంతటితో ఊరుకుందా? పసికూన మొలక చెవికీ పెట్టమంది.

"పాలు తాగే పిల్లకి నీళ్ళ వంతు ఎందుకమ్మా?" అన్నాడు కిష్కిందయ్య.

"అందరూ పెట్టించుకుంటున్నారు మామా! పడి ఉంటుందిలే" అంది సారంగి.

దుప్పులకో అలవాటుంది. తల్లి మేతకు వెళ్తూ పిల్లను గడ్డిలో దాస్తుంది. పసిపిల్ల ఒంటికి వాసన ఉండదు. కదలకుండా పడుకుంటే ఎవరూ కనిపెట్టలేరు.

"ఎవరు పిలిచినా పలక్కు తల్లీ" అని చెప్పి సారంగి మేతకు వెళ్ళింది. మొలక బుద్ధిగా తలూపింది.

ఆ సాయంత్రం కిష్కిందయ్య కునుకు తీస్తుంటే గుంటనక్క మిషను కాజేసింది.

మేసి తిరిగొస్తున్న సారంగి గట్టు మీద ఠక్కున ఆగిపోయింది. కింద నక్క మిషను పట్టుకుని తిరుగుతోంది! తుప్ప దగ్గర పెట్టింది. "కుందేలు రేవతి" అని వినిపించింది. పాపం, కుందేలు పడుతూ లేస్తూ పారిపోయింది. పుట్ట దగ్గర పెట్టింది. "ముంగిస వీరన్న" అని వినిపించింది. ముంగిస కలుగులోకి దూరిపోయింది. మూడోసారి గడ్డి దగ్గర పెట్టింది.

మొలక కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టింది. అయినా గడ్డిలోంచి గొంతు వచ్చింది.

"దుప్పిపిల్ల మొలక. తల్లి పేరు సారంగి."

గట్టు మీది సారంగికి అంతా వినపడింది. అయ్యో, ఎంత ఘోరం! నోరు విప్పని బిడ్డను తాను పెట్టించిన బిళ్ళే పట్టిచ్చింది!

"రావే మొలకా! మీ అమ్మ సారంగే పంపింది నన్ను" అంటూ నక్క గడ్డిలో మూతి పెట్టింది.

సారంగి గట్టు మీంచి ఒక్క దూకు దూకి నక్కను ఈడ్చి తన్నింది. అది లేచేలోగా పిల్లను తోసుకుంటూ పరుగెత్తి పొదలో దాక్కుంది. నక్క మిషను ఎత్తింది. ఈసారి తల్లి చెవి కూడా పలికింది! సారంగి చెవిని ముళ్ళకంపకు రాసి తన బిళ్ళ తెంపుకుంది. పిల్ల బిళ్ళను పళ్ళతో పీకింది. రెండింటినీ లోయలోకి విసిరేసింది. బిళ్ళలు పలికిన వైపే నక్క పరుగుతీసింది.

తెల్లారాక సారంగి ఊట దగ్గరికి వెళ్ళింది. "ఎవరడిగితే వాళ్ళకి చెప్పేస్తుందా మామా నీ బిళ్ళ?" అని నిలదీసింది.

"అడిగేదెవరో చూసుకోమని దానికి నేర్పాలని నాకు తోచలేదమ్మా" అని కిష్కిందయ్య లెంపలేసుకున్నాడు. అతను నేర్పాక, మిషను ఎవరి చేతిలో ఉన్నా గుర్తుమాట చెప్పనిదే ఏ బిళ్ళా పలకలేదు. ఊట దాటితే అసలే పలకలేదు. పసిపిల్లల చెవులకు బిళ్ళలే పెట్టలేదు.

చీలిన చెవితో మొలక తల్లిని ఆనుకుని అడిగింది. "అమ్మా, నేను పలకలేదు కదా?"

"లేదు తల్లీ" అని సారంగి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నువ్వు పలకలేదు. నేనే పలికించాను."

నీతి: మన గుట్టు చెప్పగల వస్తువును ఒంటికి తగిలించుకునే ముందు, అది ఎవరెవరికి చెబుతుందో అడిగి తెలుసుకోవాలి.