నూకాలమ్మ సరిగ్గానే చదివింది

అనగనగా ఒక అడవి. అన్ని అడవుల్లాగే అక్కడా గుట్టలున్నాయి, వాగు ఉంది. అన్ని అడవుల్లో లేనిది కూడా ఒకటుంది. అదొక పెద్ద దుకాణం.

ఆ దుకాణం షావుకారు ఎలుగుబంటి అప్పన్న. వాగు పక్కనున్న గుహలో వెదురు అరలు కట్టించి, వాటి నిండా సరుకులు సర్దించాడు. అక్కడ ఏదీ అడిగి తీసుకోనక్కర్లేదు. బుట్ట పట్టుకుని లోపలికి వెళ్లి, కావలసినవి వేసుకుని, గుమ్మం దగ్గరున్న గల్లా ముందు నిలబడితే చాలు. ఆ అడవిలో చింతపిక్కలే డబ్బు. ఏ సరుకు ఎన్ని పిక్కలో ఒక టేకాకు మీద బొగ్గుతో అంకె వేసి, ఆ అరకి గుచ్చేవారు.

గల్లా దగ్గర కూర్చునేది ఉడుత మాణిక్యం. ముగ్గురు పిల్లల తల్లి. లెక్కలో చురుకు, మాటలో మర్యాద. ఆమె ముందు ధరల పుస్తకం ఉండేది. బుట్టలో సరుకు చూసి, పుస్తకంలో ధర చూసి, ఇన్ని పిక్కలని చెప్పేది. ధర మారినప్పుడు పుస్తకంలో రాయడం, అర మీద ఆకు మార్చడం రెండూ ఆమె పనే.

ఒకరోజు సాయంత్రం అప్పన్న వచ్చి, ఈసారి పూత సరిగ్గా లేదని, తేనె దొరకడం కష్టంగా ఉందని చెప్పాడు. ఆరు పిక్కలున్న తేనె దొన్నె రేపటి నుంచి తొమ్మిది అన్నాడు. మాణిక్యం పుస్తకంలో ఆరు కొట్టేసి తొమ్మిది రాసింది. తేనె ఉండేది లోపల చివరి అరలో. అప్పటికే ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తూ ఉంటారు. ఆకు రేపు మారుద్దాంలే అనుకుని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున ఒక జింక వచ్చింది. తేనె దొన్నె బుట్టలో వేసుకుని గల్లా దగ్గరికొచ్చింది. పుస్తకంలో ఉన్నట్టు మాణిక్యం తొమ్మిది అంది. జింక తొందరలో ఉంది. అడిగినన్ని పిక్కలు పోసి వెళ్లిపోయింది. ఆకు మీద ఆరు ఉందని మాణిక్యానికి అప్పుడు గుర్తొచ్చింది. పిలుద్దామా అనుకుంది. పిలవలేదు. ఆకు మార్చి వస్తానని షావుకారుని అడిగితే, ఇంతమంది నిలబడి ఉంటే గల్లా వదిలి ఎక్కడికెళ్తావు, పుస్తకంలో సరిగ్గానే ఉందిగా అన్నాడు.

రెండో రోజు కోతి గంగులు వచ్చాడు. అతనికీ తొమ్మిది అని చెప్పింది. గంగులు ఊరుకునే రకం కాదు. ఆకు మీద ఆరు పెట్టి తొమ్మిది ఎలా అడుగుతారని గుహ అదిరేలా అరిచాడు. మాణిక్యం గబగబా చేతులు జోడించి, పొరపాటయింది, ఆరే ఇవ్వండి అంది. గంగులు ఆరే ఇచ్చి, గొణుక్కుంటూ పోయాడు. ఆ రోజు కూడా ఆకు మారలేదు. పని తెమిలేసరికి మాణిక్యం అలిసిపోయింది. పొద్దున్నే మారుద్దామని ఇంటికెళ్లిపోయింది.

మూడో రోజు ముళ్లపంది నూకాలమ్మ వచ్చింది.

నూకాలమ్మ సంగతి మీకు చెప్పాలి, పిల్లలూ. ఆమె ముసలిది. ఆ అడవిలో అందరూ ఆమెని మామ్మా అని పిలిచేవారు. కిందటి ఏడాది వరకూ ఆమెకి చదువు రాదు. దారిలో బోర్డు కనిపిస్తే ఎవరో ఒకర్ని ఆపి, ఇందులో ఏముంది నాయనా అని అడగాల్సి వచ్చేది. కొందరు చెప్పేవారు. కొందరు నవ్వి పోయేవారు. కిందటి వానాకాలం తర్వాత కొంగ మేష్టారు వాగు ఇసుకలో పెద్దవాళ్ల కోసం బడి పెట్టారు. మొదట వచ్చి కూర్చున్నది నూకాలమ్మే. ఆరు నెలల్లో అంకెలన్నీ నేర్చుకుంది. అక్షరాలు కూడబలుక్కుని చదివేది. అప్పటి నుంచి కనిపించిన ప్రతి రాతా పైకి చదవడం ఆమెకి అలవాటైంది. దుకాణంలో కూడా అర అర దగ్గరా ఆగి, ఉలవలు మూడు, అల్లం రెండు అని చదువుకుంటూ నడిచేది. వినేవాళ్లకి ముచ్చటగా ఉండేది.

ఆ రోజు ఆమెకి దగ్గు పట్టుకుంది. తేనె కావాలి. రాసుకోవడానికి బలపం కావాలి. చేతిలో ఎనిమిది పిక్కలున్నాయి. తేనె అర దగ్గర ఆగి, ఆరు అని చదివింది. బలపాల అర దగ్గర ఆగి, రెండు అని చదివింది. రెండూ కలిపి వేళ్ల మీద లెక్క వేసుకుని, సరిగ్గా సరిపోయాయని సంతోషంగా గల్లా దగ్గరికొచ్చి నిలబడింది. వెనక ఏడెనిమిది మంది ఉన్నారు.

మాణిక్యం పుస్తకం చూసి, పదకొండు అంది.

నూకాలమ్మ కాస్త తడబడింది. మెల్లగా అడిగింది. "ఎనిమిది కదమ్మా? తేనె ఆరు అని ఉంది. చదివాను."

మాణిక్యం తలెత్తింది. వెనకున్నవాళ్లు చూస్తున్నారు. ఓ పక్క షావుకారు నిలబడి చూస్తున్నాడు. నిన్న గంగులు చేసిన గొడవకే ఆయన మొహం చిట్లించుకున్నాడు. మళ్లీ పొరపాటంటే ఏమంటాడో. ఎదురుగా ఉన్న మామ్మ అరిచే రకం కాదు. అది మాణిక్యానికి బాగా తెలుసు.

"అది ఆరు కాదు మామ్మా, తొమ్మిది. మీకు తలకిందులుగా కనిపించినట్టుంది. కొత్తగా నేర్చుకున్నారు కదా" అంది.

మాట మర్యాదగానే ఉంది. అయినా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఈ వయసులో చదువేమిటని ఇంకెవరో అన్నారు. నూకాలమ్మ వీపు మీది ముళ్లు ఒక్కసారి లేచి, మళ్లీ నెమ్మదిగా వాలిపోయాయి. బుట్టలోంచి తేనె తీసి గల్లా మీద పెట్టింది. తర్వాత బలపం కూడా తీసి పెట్టింది. పక్కకి తప్పుకుంది.

సరుకు సర్ది వస్తానని మాణిక్యం ఆ తేనె దొన్నె పట్టుకుని అర దగ్గరికి పరిగెత్తింది. ఆరు ఉన్న ఆకు పీకేసి నలిపేసింది. ఇంకో ఆకు మీద తొమ్మిది వేసి గుచ్చి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది. మూడు రోజులుగా కుదరని పని మూడు క్షణాల్లో అయిపోయింది.

జనం పల్చబడ్డాక నూకాలమ్మ మళ్లీ లోపలికి నడిచింది. తేనె అర ముందు నిలబడింది. మొహం ఆకుకి ఆనించేంత దగ్గరగా పెట్టి చూసింది. తొమ్మిది. ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. తొమ్మిదే. తల వంచుకుని బయటికి పోయింది. పోతూ పోతూ ఏ అర దగ్గరా ఆగలేదు, ఏదీ చదవలేదు.

గల్లా దగ్గర కూర్చుని మాణిక్యం ఇదంతా చూసింది. ఆ సాయంత్రం ఇంట్లో ముద్ద నోట్లోకి పోలేదు. ఎందుకమ్మా తినడం లేదని పిల్లలడిగితే, తలనొప్పిగా ఉందంది. అదీ అబద్ధమే.

వారం తిరక్కుండా కొంగ మేష్టారు దుకాణానికి వచ్చారు. బడికి బలపాలు కొంటూ, నూకాలమ్మ పలక తిరిగి ఇచ్చేసిందని బాధపడ్డారు. ఆమె వేసిన ఆరు, తొమ్మిది తాను చూశానని, రెండూ చక్కగా ఉన్నాయని చెప్పారు.

"ఎంత చెప్పినా వినలేదు. నా కళ్లే నాకు అబద్ధం చెబుతున్నాయి మేష్టారూ, ఇక నాకు చదువెందుకు అంది" అన్నారు.

మాణిక్యం బలపాలు లెక్కపెడుతూ తల ఎత్తలేదు. రెండుసార్లు లెక్క తప్పింది. మేష్టారు వెళ్లాక కూడా ఆయన మాట చెవుల్లోనే ఉంది. ఒకరి కళ్లని వాళ్లే నమ్మకుండా చేసింది తను.

ఏదో ఒకటి చేయాలనిపించింది. మొదట, తన పిక్కలతో తేనె కొని నూకాలమ్మ గుమ్మం ముందు పెట్టి వచ్చేసింది. మర్నాడు పొద్దున ఆ దొన్నె తిరిగి గల్లా మీదికొచ్చింది. చదువు రాకపోయినా తాను అడుక్కునేదాన్ని కానని చెప్పమందట మామ్మ. దొన్నె తెచ్చిన చిలక ఆ మాట చెప్పింది. మాణిక్యం ఆ దొన్నె వైపు చూడలేకపోయింది.

తర్వాత షావుకారు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పింది. అప్పన్న, అయిందేదో అయింది, ఇప్పుడు బయటపెడితే దుకాణం పేరు పోతుంది, ఊరుకో అన్నాడు.

ఊరుకోలేక ఒక మధ్యాహ్నం నూకాలమ్మ ఇంటికే వెళ్లింది. ముసలామె దగ్గుతూ గుమ్మంలో కూర్చుని ఉంది. మాణిక్యం ఎదురుగా కూర్చుని, తప్పు తనదేనని, మామ్మ సరిగ్గానే చదివిందని, ఆకు తర్వాత మార్చానని చెప్పింది. నూకాలమ్మ ఆమె తల నిమిరింది.

"మంచిదానివే తల్లీ. నా బాధ చూడలేక నీ మీద వేసుకుంటున్నావు. నేను మళ్లీ వెళ్లి చూశాగా, తొమ్మిదే ఉంది. అందరి ముందూ అన్నది ఒకటి, నా గుమ్మంలో కూర్చుని అనేది ఒకటీనా? ఇది ఓదార్పు మాట. నాకు తెలుసు."

ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ మాణిక్యానికి నిప్పు పెట్టినట్టుంది. తిట్టినా బాగుండేది. తన అబద్ధాన్ని నమ్మిన మామ్మ, ఇప్పుడు నిజం నమ్మడం లేదు. తప్పు మామ్మది కాదు. అబద్ధం పదిమందిలో చెప్పి, నిజం చెవిలో చెబితే ఎవరు నమ్ముతారు?

"మామ్మా, రేపు ఒక్కసారి దుకాణానికి రండి. ఏమీ కొనక్కర్లేదు. నా కోసం రండి" అని బతిమాలింది.

మర్నాడు దుకాణం కిటకిటలాడుతోంది. నూకాలమ్మ వచ్చి గుమ్మం పక్కన ఒదిగి నిలబడింది. మాణిక్యం గల్లా మూసింది. బల్ల మీదికెక్కింది. అందరూ మాటలు ఆపి చూశారు.

"మొన్నామధ్య నూకాలమ్మ మామ్మ తేనె ఆరు అని చదివితే, తప్పు చదివారని నేను ఇక్కడే అన్నాను. మామ్మ సరిగ్గానే చదివారు. అర మీద ఆరే ఉంది. ధర మారినా మూడు రోజులు నేను ఆకు మార్చలేదు. మామ్మదే తప్పని చెప్పి, ఆ తర్వాత గబగబా తొమ్మిది పెట్టాను. అంతకు ముందు జింకమ్మ దగ్గర మూడు పిక్కలు ఎక్కువ తీసుకుని నోరు మెదపలేదు. తప్పు చదివినవాళ్లెవరూ లేరు. అబద్ధమాడింది నేను" అంది.

అప్పుడు గంగులు ముందుకొచ్చాడు. నిజమే, ఆరని తాను అరిస్తే అంతకు ముందు రోజే ఆరుకి ఇచ్చిందని చెప్పాడు. ఆ రోజు నవ్వినవాళ్లు కూడా అక్కడే ఉన్నారు. వాళ్లు నేల చూపులు చూశారు.

నూకాలమ్మ మెల్లగా నడిచి బల్ల దగ్గరికి వచ్చింది. ఆమె గొంతులో కోపం లేదు.

"గంగులికి ఆరుకి ఇచ్చి, నాకు చదవడం రాదన్నావేం తల్లీ?"

ఈ ప్రశ్న వస్తుందని మాణిక్యం అనుకోలేదు. దీనికి జవాబు చెప్పడం బల్ల ఎక్కడం కన్నా కష్టమైంది. అయినా చెప్పింది.

"అతను గొడవ చేస్తాడని భయపడ్డాను. మీరైతే నా మాట నమ్ముతారని తెలుసు."

"అవునమ్మా. నమ్మాను" అంది నూకాలమ్మ.

అంతే అంది. మాణిక్యం బల్ల దిగి మొహం తోకలో దాచుకుంది.

షావుకారు అప్పన్న గుహ లోపలికి వెళ్లిపోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చినప్పుడు ఆయన చేతిలో బొగ్గు ముక్క, టేకాకుల కట్ట ఉన్నాయి. పుస్తకం తెరిచి, అర అరకీ తానే తిరిగి ఆకులు సరిచూశాడు. తేనె ఒక్కటే కాదు, ఇంకో నాలుగు అరల్లో పాత ధరలే బయటపడ్డాయి. ఇక మీదట ఆకు మీద ఏది ఉంటే అదే తీసుకోవాలని, పుస్తకంలో ఎక్కువ ఉన్నా అడగకూడదని చెప్పాడు. ఆకు మార్చడానికి గల్లా వదలవద్దన్నది తానేనని కూడా అన్నాడు. అది మాత్రం నేల చూస్తూ అన్నాడు. జింకకి మూడు పిక్కలు తిరిగి ఇచ్చారు. నూకాలమ్మ ఆ రోజు తాను చదివిన ధరకే తేనె, బలపం తీసుకుని ఎనిమిది పిక్కలు లెక్కపెట్టి ఇచ్చింది. ఊరికే ఇస్తామంటే తీసుకోలేదు.

తర్వాతి వారం ఆమె వాగు ఇసుకలో బడికి వెళ్లింది. కొంగ మేష్టారు ఏమీ అడక్కుండా పలక చేతికిచ్చారు. మొదటి కొన్ని రోజులు ఏ అంకె చదివినా, అవునా మేష్టారూ అని ఒకసారి అడిగేది. ఆ అడగడం మానడానికి రెండు నెలలు పట్టింది.

దుకాణానికీ వచ్చేది. కానీ పిక్కలు ఇచ్చే ముందు, ఆ పుస్తకం ఒకసారి నా వైపు తిప్పమ్మా అనేది. వేలు పెట్టి చదువుకుని, సరిపోయాకే ఇచ్చేది. మాణిక్యం నొచ్చుకోలేదు. నొచ్చుకునే హక్కు తనకి లేదనుకుంది. కొన్నాళ్లకి ఎవరొచ్చినా, వాళ్లు అడక్కముందే పుస్తకం తిప్పి పెట్టడం మొదలుపెట్టింది. అందరికీ అది బాగా నచ్చింది, మాణిక్యం ఎంత నిజాయితీపరురాలో అని మెచ్చుకునేవారు. ఆ మెప్పు విన్నప్పుడల్లా ఆమె తల ఇంకాస్త కిందికి వంగేది.

నీతి: మన తప్పు కప్పుకోవడానికి మెత్తనివాళ్ల మీద నెపం వేయకూడదు. పదిమందిలో ఆడిన అబద్ధాన్ని ఆ పదిమందిలోనే సరిదిద్దుకోవాలి.