ఎలిసమ్మ చెప్పని మూడో మాట

అనగనగా ధవళకీర్తి అని ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. వాళ్లకు ఇంగ్లీషు నుడికారాలు నేర్పడానికి ఏడు సముద్రాల అవతలి నుంచి ఎలిసమ్మ అనే పంతులమ్మ, మనవరాలు లిల్లీని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ పద్ధతే వేరు, పిల్లలూ! రోజూ ముందు పేర్లు పిలిచేది. ఏ మాటకూ అర్థం మాత్రం చెప్పేది కాదు. అది మనకు జరిగేదాకా ఆగమనేది.

జోరువాన వస్తే చూరు కింద నిలబెట్టి, "కుక్కలూ పిల్లులూ కురుస్తున్నాయి, అనండి!" అనేది. చిక్కు లెక్క చిటికెలో చేస్తే నోట్లో కేకు పెట్టి, "నీకిది కేకు ముక్క!" అనేది. పెద్దవాళ్లిద్దరికీ అంత ఓపిక ఎక్కడిది? బట్టలు తడుస్తాయని లోపలే కూర్చుని, మంత్రిగారి అర్థాల పుస్తకం బట్టీపట్టారు. చిన్నవాడు వసంతకేతు మాత్రం హాయిగా తడిశాడు, తిన్నాడు.

"రేపు మూడో మాట. గొంతులో ముద్ద," అందొకనాడు ఎలిసమ్మ. తెల్లారేసరికి ఆవిడ లేదు. ఆ మాటలన్నీ తనకే దక్కాలని ఒక మాంత్రికుడు ఆవిడనూ లిల్లీనీ ఎత్తుకుపోయాడు.

పెద్దవాడు వెళ్లాడు. రెండోవాడు వెళ్లాడు. "ఈ మాట నీకెప్పుడు సొంతమైంది? మూడు మాటలకూ చెబితే వాళ్లను వదులుతాను," అన్నాడు మాంత్రికుడు. ఇద్దరూ అర్థం అప్పజెప్పి రాళ్లయిపోయారు.

వసంతకేతు తాబేలు వీపెక్కి ఏడు సముద్రాలూ దాటాడు. "వాడి ప్రాణం చిలకలో ఉంది బాబూ. ఆ చిలకా ఇప్పుడు పంతులమ్మ దగ్గరే చదువుకుంటోంది," అని చెప్పింది తాబేలు.

మాంత్రికుడు అడిగిన మొదటి మాటకు వాన సంగతి చెప్పాడు. రెండోదానికి కేకు సంగతి చెప్పాడు.

"గొంతులో ముద్ద?" అన్నాడు మాంత్రికుడు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల ఎలిసమ్మ, ఎదురుగా రాకుమారులు లేకపోయినా, అలవాటుగా పేర్లు పిలుస్తోంది. "వసంతకేతూ!" అంది. "వచ్చానమ్మా," అనబోయాడు. మాట పెగల్లేదు. కళ్లనిండా నీళ్లు.

"జవాబు లేదు!" అంటూ మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు.

"ఆగు! ఇంతకన్నా జవాబేం కావాలి? అతనికిప్పుడే సొంతమైంది," అంటూ చిలక ఎగిరొచ్చి రాకుమారుడి భుజమ్మీద వాలింది. ప్రాణం అవతలివాడి చేతికి చిక్కాక మాంత్రికుడు ఇంకేం చేస్తాడు? తలుపులు తీశాడు. రాళ్లను మళ్లీ మనుషుల్ని చేశాడు.

వసంతకేతుకూ లిల్లీకీ పెళ్లయింది. అతనే రాజై చాలాకాలం చల్లగా ఏలాడు. వాన పడితే చాలు, కొలువు ఆపి ఊరి పిల్లల్ని చూరు కింద కూర్చోబెట్టేవాడు. పాఠానికి ముందు ఎలిసమ్మలాగే పేర్లు పిలిచేవాడు. ఆ పిల్లల్లో నేనూ ఉన్నాను.

ఇప్పుడా రాజూ లేడు, ఆ చూరూ లేదు. అయినా వాన మొదలైతే ఎవరో నా పేరు పిలిచినట్టే ఉంటుంది. పలకబోతాను. ఇంకేం చెప్పను, మూడో మాట మీకూ తెలుసుగా.