ఖాళీదే అన్న తుపాకీ

శివలీలకు తుపాకీ పట్టడం రాదు. నేర్చుకోక తప్పదు. బ్యాంకు కాపలా పనిలో ఉండగానే తండ్రి పోయాడు. శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ తెస్తే ఆ ఉద్యోగం నీకే ఇస్తామన్నారు బ్యాంకువాళ్లు. ఇంట్లో తల్లి, చదువుకుంటున్న చెల్లెలు. అందరి ఆశా దాని మీదే.

ఊళ్లో నేర్పేవాళ్లు ఇద్దరు. ఒకడు నల్ల కళ్లద్దాల ధనుంజయ. గోడ నిండా ఆయన ఫోటోలే. వచ్చినవాళ్లకు వచ్చిన రోజే తుపాకీ చేతికిచ్చి, శభాష్ అని వీపు తట్టి, ఫోటో తీయించి పంపేస్తాడు. జనం ఎగబడేది అలాంటివాళ్ల దగ్గరికే. తుపాకీ అంటే జాతరలో బెలూన్లు కొట్టే ఆట అనుకుంటారు కాబోలు.

రెండో ఆయన మహబూబ్ సాహెబ్. సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరైన ముసలాయన. అందరూ ఉస్తాద్ అంటారు. తండ్రి ఆయన శిష్యుడే కాబట్టి శివలీల ముందు అక్కడికే వెళ్లింది.

ఉస్తాద్ బీరువా తాళం తీసి, జంట గొట్టాల తుపాకీ బయటికి తీశాడు.

“ఖాళీదే. పట్టుకో పాపా.”

శివలీల రెండు చేతులా అందుకుంది. రేపు ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టబోయే పనిముట్టు. పుస్తకాన్నయినా కొడవలినైనా ముందు కళ్లకద్దుకోవడం ఆమెకు చిన్నప్పటి అలవాటు. పిడి నేలకు ఆనించి, తల వంచి, గొట్టాల కొసను కళ్లకద్దుకుంది.

ఉస్తాద్ మెల్లగా ఆమె చేతుల్లోంచి తుపాకీ తీసుకున్నాడు. గొట్టాలు నేలవైపు వంచి, మీట నెట్టాడు. తుపాకీ మధ్యకు తెరుచుకుంది. లోపలున్న ఎర్ర తూటాను తీసి బల్ల మీద పెట్టాడు.

శివలీల మొహం పాలిపోయింది.

“మందు లేనిదిలే,” అన్నాడాయన. “ఈ పొద్దుకు చాలు. ఇంటికి పో.”

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

“మీరే గదా ఖాళీది అంటిరి?”

“అంటిని.”

“ఇంత పెద్దాయన అబద్ధం చెప్తాడని నేనెట్ల అనుకుంటా? గురువు మాట నమ్మడం నా తప్పా?”

ఉస్తాద్ తూటాను జేబులో వేసుకున్నాడు.

“మా నాయన మీ గురించి ఎంత గొప్పగా చెప్పేటోడో. ఇది చూడకుండా పోయినాడు, నయం.”

ఆయన గుడ్డ తీసుకుని తుపాకీ తుడుస్తూ కూర్చున్నాడు.

శివలీల విసవిసా బయటపడింది. భక్తిగా కళ్లకద్దుకున్నందుకు ఇంత అవమానమా? నమ్మి వచ్చినదాన్ని పట్టుకుని నాటకాలాడతాడా? ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నా ఉడుకు తగ్గలేదు. మర్నాడు నేరుగా ధనుంజయ దగ్గరికి వెళ్లింది.

అక్కడ రాజమర్యాదలు. కుర్చీ వేశారు, కూల్‌డ్రింక్ తెప్పించారు. ధనుంజయ నవ్వుతూ తుపాకీ అందించాడు.

“ఖాళీదేలేమ్మా, భయపడొద్దు. భుజాన ఆనించు, ఫోటో తీపిస్తా.”

ఫోటో తీసే మనిషి సరిగ్గా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

శివలీల తుపాకీ ఎత్తలేదు. చేతులు వాటంతట అవే గొట్టాలను నేలవైపు దించాయి. నిన్న చూసినట్టే మీట నెట్టి లోపలికి చూసింది. తూటా లేదు. నిజంగానే ఖాళీ.

తలెత్తేసరికి ధనుంజయ నల్ల కళ్లద్దాలు తీసేసి ఉన్నాడు. మొహం కందగడ్డలా ఉంది.

“ఏం, నా మాట మీద నమ్మకం లేదా? ఇంకా చేరనే లేదు, అప్పుడే గురువును అనుమానిస్తివా? నన్ను ఇట్ల అవమానించినోళ్లు ఈ ఊర్లో ఎవురూ లేరు.”

శివలీల ఆ మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. నిన్న తను అంతేసి మాటలన్నది. చచ్చిపోయిన తండ్రిని కూడా మధ్యలోకి లాగింది. ఆ ముసలాయన మొహంలో రంగు మారలేదు.

తుపాకీ బల్ల మీద పెట్టి, లేచి ఉస్తాద్ దగ్గరికి వచ్చేసింది.

ఉస్తాద్ ఎక్కడికి పోయావని అడగలేదు. బీరువా తాళం తీశాడు.

“ఖాళీదే,” అంటూ అందించాడు.

శివలీల గొట్టాలు నేలవైపు వంచింది. తెరిచి చూసింది. చాలక, రెండు గొట్టాల్లోనూ వేలు పెట్టి తడిమింది. మూసి, తిరిగి ఇచ్చింది.

“ఖాళీదే ఉస్తాద్.”

ఆయన తుపాకీ అందుకున్నాడు. ఆమె కళ్లముందే మళ్లీ తెరిచి, లోపలికి చూసుకున్నాడు.

శివలీలకు ఈసారి కోపం రాలేదు.