పిందె మీద గీసిన రాజు

గవరమ్మ గుమ్మడి తోట పెంచుకునే మనిషి. ఒకసారి ఆమె సంతకు తెచ్చిన కాయ మీద విక్రాంతవర్మ మహారాజు ముఖం చూసి జనం పగలబడి నవ్వారు. ఉబ్బిన బుగ్గలు, గడ్డం కింద ఇంకో గడ్డం! భటులు ఆమెనూ కాయనూ సభకు ఈడ్చుకెళ్లారు.

"నన్నింత లావుగా గీస్తావా? ఆ చెయ్యి నరికిస్తాను!" అని రాజు మండిపడ్డాడు.

గవరమ్మ మాట తడబడలేదు.

"నేను సన్నగానే గీశాను మహాప్రభూ. రెండు నెలల కిందట పట్టాభిషేకం నాడు తమరు మా తోట పక్కనుంచి ఊరేగుతుంటే, చూసి ముచ్చటేసి, చేతికందిన ముల్లుతో పిందె మీద గీసేశాను. పిందె పెరిగి కాయైంది, గీతలూ దాంతోపాటే సాగాయి."

"అయితే ఇది ఇప్పటి నా ముఖం కాదన్నమాట!"

"ఆనాటి అంగీ తెప్పించి తొడుక్కోండి ప్రభూ. అది పట్టిందంటే బొమ్మ తప్పే, నా చెయ్యి తీసేయండి."

అంగీ వచ్చింది. పట్టాభిషేకం విందులు ఇంకా సాగుతూనే ఉన్నాయేమో, అది పొట్ట దగ్గరే ఆగిపోయింది. రాజు కాయకేసి చూశాడు, పొట్టకేసి చూసుకున్నాడు, ఫక్కున నవ్వేశాడు.

"తప్పు గీతలో లేదు, మేతలో ఉంది. ఇంటికెళ్లు."

"చిత్తం" అని గవరమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది. ఆ రెండూ ఉన్నాయో లేదో దారిపొడుగునా చూసుకుంటూనే ఇల్లు చేరింది.